వర్తక సంఘం ప్రభుత్వాన్ని ఏం అడగాలి, ముందు ఏది అడగాలి?

కార్యదర్శి గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కోస్తాలో ఓ మున్సిపల్ పట్టణం. మీ వర్తక సంఘంలో కిరాణా, బట్టలు, హార్డ్‌వేర్, మందుల షాపులవాళ్లతో పాటు చిన్న పప్పు మిల్లులు, వెల్డింగ్ షెడ్లవాళ్లూ సభ్యులు. కొత్త కార్యవర్గం 27 డిమాండ్లతో వినతిపత్రం తయారుచేసి ఎమ్మెల్యే గారికి, కలెక్టర్ గారికి, ఊరికి వచ్చిన ప్రతి మంత్రికీ ఇచ్చింది. ఫొటోలు పేపర్లో వచ్చాయి, పని ఒక్కటీ కాలేదు. ఇప్పుడు వేటిని ముందు పెట్టుకోవాలి, ఎవరిని అడగాలి అని అడిగారు.

జిల్లా చాంబర్ కార్యవర్గంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ 27లో అన్యాయమైన డిమాండ్ ఒక్కటీ లేదు. కానీ న్యాయమా కాదా అన్నది ఒక్కటే చూసి వరుస పెడితే కాగితం బరువెక్కుతుంది తప్ప పని జరగదు. ప్రతి డిమాండ్ పక్కన మూడు విషయాలు రాసుకోండి. ఆ నిర్ణయం అసలు ఎవరి చేతిలో ఉంది? వాళ్లు దాన్ని ఏ నెలలో తీసుకుంటారు? ఆ విషయంలో సంఘం నోరు విప్పకపోతే ఇంకెవరూ మాట్లాడని సభ్యుడు ఎవరైనా ఉన్నాడా? మూడోదాన్ని చాలా సంఘాలు వదిలేస్తాయి. నా దృష్టిలో అదే ముఖ్యం. పెద్ద షోరూం యజమాని నేరుగా వెళ్లి అధికారిని కలవగలడు, ఆడిటర్‌ను, లాయర్‌ను పెట్టుకోగలడు. అద్దె షాపులో స్టేషనరీ అమ్ముకునే మనిషికి మీ సంఘం తప్ప దిక్కు లేదు. ప్రాధాన్యాలు నిర్ణయించేటప్పుడు అతని సమస్య పైకి రావాలి.

ముందు మీ జాబితాలో ఢిల్లీలో తేలేవాటిని విడదీద్దాం. జీఎస్టీ రేట్ల మీద మీరు ఆరు డిమాండ్లు రాశారు. వాటిని కలెక్టర్ గారికి ఇచ్చి లాభం లేదు. రేట్లు సిఫారసు చేసేది జీఎస్టీ కౌన్సిల్. అందులో కేంద్రం ఓటుకు మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండు వంతులు. తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే మన రాష్ట్ర ఆర్థిక మంత్రికి అక్కడ కుర్చీ ఉంది, ఆ కుర్చీకి విలువ ఉంది. 2021 సెప్టెంబర్‌లో లక్నో సమావేశం బట్టల మీదా చెప్పుల మీదా పన్ను సవరించాలని నిర్ణయించింది. 5 శాతం ఉన్నవాటిని 12 శాతం చేస్తూ నవంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. 2022 జనవరి 1 నుంచి అమలు. బట్టల వ్యాపారులు దేశమంతటా ఆందోళన చేశారు. గుజరాత్, పశ్చిమ బెంగాల్, ఢిల్లీ, రాజస్థాన్, తమిళనాడు లాంటి రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి. డిసెంబర్ 31న, అమలుకు ఒక రోజు ముందు, కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై బట్టల మీద పెంపును వాయిదా వేసింది. చెప్పుల మీద మాత్రం పెంపు అమలైంది. బట్టల తరఫున రాష్ట్రాలు గట్టిగా నిలబడ్డాయి, చెప్పుల తరఫున ఆ స్థాయిలో నిలబడలేదు అని నా అంచనా. చెప్పుల వ్యాపారులకు ఊరట దక్కడానికి 2025 సెప్టెంబర్ 22 దాకా ఆగాల్సి వచ్చింది.

కాబట్టి జీఎస్టీ డిమాండ్లను మీ వినతిపత్రంలోంచి తీసేయమనడం లేదు. వేరే కాగితం మీద రాసి రాష్ట్ర సమాఖ్య ద్వారా ఆర్థిక మంత్రి గారికి పంపండి. మీకు విజయవాడలో ఏపీ చాంబర్స్ ఉంది. తెలంగాణవాళ్లకు 1917లో మొదలైన సంస్థ, ఇప్పుడు ఎఫ్‌టీసీసీఐ పేరుతో హైదరాబాద్‌లో ఉంది. ఒక్క పట్టణం గొంతు కౌన్సిల్ దాకా చేరదు, పది జిల్లాల లెక్కలు కలిపితే చేరుతుంది. ఇది చదివే తెలంగాణ వ్యాపారులకు ఒక మాట. 2019 ఏప్రిల్ నుంచి సరుకుల వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని వార్షిక టర్నోవర్ పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఆ పెంపు తీసుకుంది, తెలంగాణ తీసుకోలేదు. అది మీ రాష్ట్రం ఎంచుకున్న మార్గం, కాబట్టి ఆ అర్జీ హైదరాబాద్‌కు వెళ్లాలి. చిన్న కొట్టువాళ్లకు దీనికంటే పెద్ద విషయం నాకు కనబడదు.

ఇక మీరు పదో పన్నెండో డిమాండ్‌గా, ఒక్క వాక్యంతో సరిపెట్టిన కరెంటు సంగతి. దీన్ని మొదటి స్థానానికి తీసుకురండి. చార్జీలు పెరిగాక సబ్‌స్టేషన్ ముందు ధర్నా చేసే సంఘాలు ఎన్నో ఉన్నాయి. పెరగకముందు, చట్టం మనకు మాట్లాడే హక్కు ఇచ్చిన చోట మాట్లాడేవి చాలా తక్కువ. పద్ధతి ఇలా ఉంటుంది. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, వచ్చే ఏడాది ఆదాయ అవసరాలు, టారిఫ్ ప్రతిపాదనలను మామూలుగా నవంబర్ ఆఖరుకల్లా విద్యుత్ నియంత్రణ మండలికి, అంటే ఈఆర్‌సీకి సమర్పిస్తాయి. పేపర్లలో బహిరంగ ప్రకటన వస్తుంది, అభ్యంతరాలకు గడువు ఇస్తారు. జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో బహిరంగ విచారణలు జరుగుతాయి. ఏప్రిల్ 1 నుంచి కొత్త టారిఫ్ అమలవుతుంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, ప్రజల నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలి.

ఇందులో మనకు పనికొచ్చే అంశం ఒకటుంది. మీరు గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం పంపితే డిస్కం దానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. తుది ఉత్తర్వులో మీ అభ్యంతరం, డిస్కం జవాబు, మండలి అభిప్రాయం మూడూ వరుసగా అచ్చవుతాయి. ఎమ్మెల్యే గారికి ఇచ్చిన వినతిపత్రానికి ఇలాంటి రికార్డు ఎక్కడా ఉండదు. ఈ ఏడాది ఒప్పుకోకపోయినా, వచ్చే ఏడాది అదే పేజీ చూపించి 'మీరు నిరుడు ఈ జవాబు ఇచ్చారు, ఆ పని జరగలేదు' అని అడగవచ్చు. విచారణలో స్వయంగా మాట్లాడదలచుకుంటే ఆ సంగతి అభ్యంతరపత్రంలోనే రాయాలి. మీకు ఇచ్చేది కొద్ది నిమిషాలు. అందులో ప్రసంగం వద్దు. మీ పట్టణంలో ముప్పై షాపుల బిల్లులు, పది చిన్న మిల్లుల బిల్లులు పన్నెండు నెలలవి తీసి, వాడిన యూనిట్లకు ఎంత, ఫిక్స్‌డ్ చార్జీలకు ఎంత, సర్దుబాటు చార్జీలకు ఎంత అని ఒక పట్టిక వేసుకెళ్లండి. సీజన్ మిల్లు ఆరు నెలలు మూతబడి ఉన్నా ఫిక్స్‌డ్ చార్జీ కడుతుందన్న సంగతి ఉపన్యాసంలో చెబితే ఎవరికీ గుర్తుండదు. బిల్లు చూపిస్తే అధికారి పెన్ను తీస్తాడు.

నోటీసు, విచారణ అన్నవి ఉత్తుత్తి లాంఛనాలు అనుకోకండి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఈఆర్‌సీ 2014 నుంచి 2019 దాకా ఉన్న కాలానికి ట్రూ అప్ (ముందు అనుమతించిన ఖర్చుకూ నిజంగా అయిన ఖర్చుకూ తేడా సర్దడం) పేరుతో 3,669 కోట్ల రూపాయలు వినియోగదారుల నుంచి వసూలు చేసుకోవడానికి అనుమతించింది. ముందుగా పేపర్లలో నోటీసు ఇచ్చి అభిప్రాయాలు అడగలేదన్న అభ్యంతరం హైకోర్టుకు వెళ్లింది. మండలి ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని మళ్లీ విచారణ జరపాల్సి వచ్చింది. ఆ తర్వాత ఖరారైన మొత్తం మొదటిదానికంటే తక్కువ. పద్ధతి తప్పితే పట్టుకోగలిగే సంఘం ప్రతి పట్టణంలో ఉండాలి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. కరెంటు బిల్లులో ఉన్నదంతా ఈఆర్‌సీ నిర్ణయించదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగానికి విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసల నుంచి 1 రూపాయికి పెరిగింది. అది రాష్ట్ర ప్రభుత్వం జీవో ద్వారా చేసిన పని. దాని మీద ఈఆర్‌సీ విచారణలో ఎంత గట్టిగా మాట్లాడినా 'మా పరిధి కాదు' అంటారు, నిజంగానే కాదు. సుంకం మీద అర్జీ ఇంధన శాఖకు, ఆర్థిక శాఖకు వెళ్లాలి, అదీ రాష్ట్ర బడ్జెట్ తయారయ్యే డిసెంబర్, జనవరి నెలల్లో. ఒకే బిల్లులో రెండు గీతలు, రెండు వేర్వేరు తలుపులు. మీ 27 డిమాండ్లలో సగానికి పైగా ఇలా తప్పు తలుపు దగ్గర ఆగిపోయాయి.

రోడ్డు విస్తరణ గురించి మీరు 'మెయిన్ రోడ్డు విస్తరణ ఆపాలి' అని రాశారు. ఈ ఒక్క వాక్యం మీద మీ సంఘంలోనే ఏకాభిప్రాయం ఉందా? నాకు తెలిసిన ఏ పట్టణంలోనూ లేదు. సొంత భవనం ఉన్నవాడికి కొంత స్థలం పోయినా మిగిలినదాని విలువ పెరుగుతుంది, టీడీఆర్ బాండో (పోయిన స్థలానికి బదులు అదనంగా కట్టుకునే హక్కు) పరిహారమో వస్తుంది. వెనక వరుస షాపువాడికి ముఖద్వారం వస్తుంది. ముందు వరుసలో అద్దెకు ఉన్న దుకాణదారుడికి మాత్రం షట్టరుతో పాటు బేరమూ పోతుంది, పరిహారం ఓనరు పేరు మీద వెళ్తుంది. సంఘం కార్యవర్గంలో ఓనర్లే ఎక్కువ ఉంటే 'విస్తరణ ఆపాలి' అన్న నినాదం కొన్నాళ్లకు 'పరిహారం పెంచాలి'గా మారుతుంది, అద్దెదారు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇలా జరగడం నేను చాలాసార్లు చూశాను, ప్రతిసారీ బాధపడ్డాను.

ఈ విషయంలో అడగాల్సింది వేరే ఉంది. 2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబం అంటే భూమి యజమాని ఒక్కడే అనుకోకూడదు. ఆ ప్రాంతంలో సేకరణకు ముందు మూడేళ్లుగా పని చేస్తూ, జీవనోపాధి దెబ్బతిన్న అద్దెదారులు, చేతివృత్తులవాళ్లు లాంటివారూ ఆ నిర్వచనంలోకి వస్తారు. రెండో షెడ్యూల్‌లో చిన్న వ్యాపారులకు కనీసం 25,000 రూపాయల ఒకసారి సాయం కూడా రాసి ఉంది. కానీ మున్సిపాలిటీ ఈ చట్టం కింద సేకరించకుండా, ఓనర్లతో మాట్లాడుకుని టీడీఆర్ ఇచ్చి స్థలం తీసుకుంటే అద్దెదారు ఈ లెక్కలోకే రాడు. అందుకని మీ డిమాండ్ ఇలా ఉండాలి: ఏ పద్ధతిలో స్థలం తీసుకున్నా అద్దె దుకాణదారుల సర్వే ముందు జరగాలి, మున్సిపల్ కాంప్లెక్సుల్లో ఖాళీ షాపులు వేలం వేసేముందు వాళ్లకు అవకాశం ఇవ్వాలి, పండగ సీజన్‌లో కూల్చివేతలు పెట్టుకోకూడదు, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు తవ్వాలి. కమిషనర్ స్థాయిలో, మున్సిపల్ కౌన్సిల్ తీర్మానంతో తేలే పనులు ఇవి. ఎవరూ ఢిల్లీ వెళ్లనక్కర్లేదు.

అసలు ఈ గొడవ మొదలయ్యేది మార్కింగ్ రోజున కాదని కూడా గుర్తుపెట్టుకోండి. ముసాయిదా మాస్టర్ ప్లాన్ ప్రచురించి అభ్యంతరాలకు గడువు ఇచ్చిన రోజున మొదలవుతుంది. మ్యాపులో ఆ రోడ్డు 80 అడుగులని ఒకసారి ఖాయమైతే, తర్వాత కట్టే ప్రతి భవనానికీ ఆ లెక్కనే ప్లాన్ ఇస్తారు. ఏళ్ల తర్వాత ఎర్ర రంగు గీతలు గోడల మీదకు వచ్చినప్పుడు 'ప్లాన్‌లో ఉన్నదే చేస్తున్నాం' అంటారు. మీ పట్టణం మాస్టర్ ప్లాన్ ఏ దశలో ఉందో ఈ వారమే టౌన్ ప్లానింగ్ విభాగంలో కనుక్కోండి. మ్యాపు కాపీ తీసి సంఘం ఆఫీసు గోడకు అంటించండి.

ఆస్తి పన్నుకూ ఇదే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర చట్టం మార్చి, అద్దె విలువ ఆధారంగా ఉన్న పన్నును ఆస్తి మూలధన విలువ మీదకు తెచ్చారు. నివాస భవనాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు పెట్టుకోవచ్చు. అప్పట్లో జనం ఆందోళన చేయడంతో పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్న పరిమితి వచ్చింది. షాపులకు 0.20కీ 2కీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. ఆ తేడాలో ఎక్కడ ఆగాలన్నది స్థానిక సంస్థ స్థాయిలో తేలే విషయం. పాలకమండలి ఉంటే కౌన్సిలర్ల దగ్గర, లేకపోతే ప్రత్యేకాధికారి దగ్గర మాట్లాడాలి. విలువ పెరిగితే పన్ను కూడా పెరుగుతుంది కాబట్టి, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో మార్కెట్ విలువల సవరణ ముసాయిదా పెట్టినప్పుడు మీ బజారు వీధుల విలువలు చూసి అభ్యంతరం చెప్పడం కూడా సంఘం పనే. రిజిస్ట్రేషన్ల గొడవ మనకెందుకని చాలామంది వదిలేస్తారు, రెండేళ్లకు పన్ను నోటీసు వచ్చాక లబోదిబోమంటారు. ఈ పన్నును అద్దెదారు మీదకు నెట్టే ఓనర్లు మీ ఊళ్లోనూ ఉంటారు, కాబట్టి ఇది కూడా చిన్నవాళ్ల సమస్యే.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. 'తోపుడు బండ్లను బజారులోంచి తొలగించాలి' అన్నది మీ నాలుగో డిమాండ్. దాన్ని ఆ రూపంలో ఉంచకండి. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం, సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా అమ్ముకునేవాళ్లను ఖాళీ చేయించడానికి లేదు. వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. చట్టానికి విరుద్ధమైన డిమాండ్ పెట్టుకుంటే కమిషనర్ తల ఊపి పక్కన పెడతారు, దానితో పాటు మిగతావి కూడా పక్కకు పోతాయి. అదే చట్టం టౌన్ వెండింగ్ కమిటీ వేయమంది. అధ్యక్షుడు మున్సిపల్ కమిషనర్. 40 శాతానికి తగ్గకుండా వీధి విక్రయదారులు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. మిగతా స్థానాల్లో ట్రాఫిక్ పోలీసులు, బ్యాంకులతో పాటు వర్తక సంఘాలకూ ప్రాతినిధ్యం ఉంది. మీ ప్రతినిధి ఆ కమిటీలో ఉన్నారా? ఎక్కడ బండ్లు పెట్టుకోవచ్చు, ఏ వేళల్లో, ఏ వీధి ఖాళీగా ఉండాలి అన్నవన్నీ తేలాల్సింది అక్కడే. పైగా బండి మీద పండ్లు కొనడానికి వచ్చినవాళ్లే మీ షాపులో సబ్బులు కొంటారు. బండ్లన్నీ తీసేశాక బజారు వెలవెలబోయిన ఊళ్లు ఉన్నాయి. బండ్లవాళ్ల సంఘంతో కూర్చుని, షాపు ముందు ఎన్ని అడుగులు వదలాలి, చెత్త ఎవరు తీయాలి, పార్కింగ్ ఎక్కడ అన్నవి రాసుకుని ఇద్దరూ కలిసి కమిటీ ముందుకు వెళ్తే ఒప్పుకోకుండా ఉండటం ఏ కమిషనర్‌కూ సులువు కాదు.

సభ్యుల మధ్య ప్రయోజనాలు ఢీకొనే ఇంకో విషయం బకాయిలు. మీ పప్పు మిల్లులవాళ్లు, వెల్డింగ్ షెడ్లవాళ్లు సరుకో పనో ఇచ్చి నెలల తరబడి డబ్బు కోసం తిరుగుతున్నారని రాశారు. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోగా, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంటుంది. 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో ఆలస్యమవుతుంది. అయితే ఆ కౌన్సిల్ సభ్యుల్లో చిన్న పరిశ్రమల సంఘాల ప్రతినిధులు ఉండాలని అదే చట్టం చెబుతోంది. ఆ ప్రతినిధి ఎవరో తెలుసుకోండి. 'కేసులు త్వరగా తేల్చాలి' అని మంత్రికి రాసేకన్నా, మీ ప్రాంతంలో పెండింగ్ కేసుల జాబితా తేదీలతో సహా ఆయన చేతికి ఇవ్వడం ఉపయోగం.

ఇక చిక్కు ఏమిటంటే, 2023 బడ్జెట్‌తో ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన వచ్చింది. చిన్న తయారీదారుకు గడువులోపూ ఇవ్వక, ఆ ఆర్థిక సంవత్సరంలోనూ డబ్బు ఇవ్వని కొనుగోలుదారుకు ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలో చెల్లదు, చెల్లించిన ఏడాదిలోనే చెల్లుతుంది. మిల్లులవాళ్లు సంతోషించారు. బట్టల వ్యాపారంలో నెలల అప్పు మీద నడిచేవాళ్లు అల్లాడిపోయారు. అఖిల భారత వ్యాపారుల సమాఖ్య దీన్ని ఏడాది వాయిదా వేయమని కోరింది. మీ సంఘంలో ఇద్దరూ ఉన్నారు. ఇలాంటప్పుడు ఎటూ మాట్లాడకుండా ఉండిపోవడం చాలా సంఘాల అలవాటు. నా అభిప్రాయం అడిగితే, సరుకు తయారుచేసి ఇచ్చినవాడి డబ్బు సమయానికి రావాలన్న వైపే సంఘం నిలబడాలి. టోకు, చిల్లర వర్తకులను 2021 జూలైలో చిన్న సంస్థల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లోకి తిరిగి తెచ్చినా, అది ప్రాధాన్య రంగ రుణాల వరకే. బకాయిల రక్షణ వాళ్లకు లేదు. ఆ రక్షణను చిన్న వర్తకులకు కూడా ఇవ్వమని అడిగితే మీ రెండు వర్గాలూ ఒకే కాగితం మీద సంతకం పెట్టగలుగుతాయి.

మిగిలినవి త్వరగా చెప్తాను. ఆటోనగర్‌లో రోడ్లు, డ్రైన్ల గురించి రాశారు. అది రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ వేసిన ఎస్టేటై, ఐలా (ఆ పారిశ్రామికవాడ స్థానిక పాలన చూసే సంస్థ) ఏర్పడి ఉంటే అక్కడి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు ఇచ్చి మిగతాది ఆ ఎస్టేట్‌లోనే ఖర్చుపెట్టాలి. ముందు లెక్కలు అడగండి, తర్వాత డ్రైన్ అడగండి. రైలు హాల్టు, గూడ్స్ షెడ్ విషయాలకు డివిజన్ స్థాయిలో రైల్వే వినియోగదారుల సంప్రదింపుల కమిటీ ఉంది, అందులో వర్తక సంఘాలకు చోటు ఉంటుంది. పరిశ్రమల అనుమతులు, పెండింగ్ రాయితీల గురించి కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా పరిశ్రమల ప్రోత్సాహక కమిటీలో మాట్లాడాలి. ఎజెండాలో చేర్చమని జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్‌కు సమావేశానికి ముందే రాసి ఇవ్వండి. సమావేశంలో లేచి అప్పటికప్పుడు మాట్లాడితే మినిట్స్‌లోకి ఎక్కదు.

అర్జీ రాసే తీరు గురించి కూడా అడిగారు. ఒక అర్జీలో ఒకే విషయం, ఒకే పేజీ. మొదటి పేరాలో ఏ అధికారాన్ని, ఏ చట్టం లేదా జీవో కింద వాడమంటున్నారో చెప్పండి. రెండో పేరాలో మీ ఊరి లెక్కలు. మూడోదాంట్లో ప్రభుత్వానికి ఎంత ఖర్చు అవుతుందో, లేదా అసలు కాదో. ఈ చివరిది రాసే సంఘాలు అరుదు. ఖర్చు లేని పని ఆర్థిక శాఖ దాకా పోకుండానే తేలిపోతుంది, కాబట్టి ఆ సంగతి వాళ్లకు కనబడేలా రాయాలి. అర్జీ మీద స్టాంపు, తేదీ వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ ఫైలు ఏ అధికారి దగ్గర ఎన్నాళ్లుగా ఉందో అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉందో లేదో, ఏటా ఇవ్వాల్సిన కార్యవర్గ జాబితా ఇచ్చారో లేదో కూడా చూసుకోండి. ఈఆర్‌సీ విచారణకైనా కోర్టుకైనా అది అవసరం పడుతుంది.

బంద్ గురించి నా మాట వినండి. ఒక్క రోజు షట్టర్లు దించితే పెద్ద షాపుకు ఆ బేరం మర్నాడు వస్తుంది. టీ కొట్టుకు, పూల దుకాణానికి రాదు. మాట్లాడే దారులన్నీ మూసుకుపోయాక, చిన్న సభ్యులు తామే ముందుకొచ్చి అంటే తప్ప బంద్ పిలుపు ఇవ్వకండి. రాజకీయ పార్టీ వేదిక మీద సంఘం బ్యానర్ కట్టకండి. ప్రభుత్వం మారినా మీరు అదే కమిషనర్ గదికి వెళ్లాల్సినవాళ్లే.

ఈ ఏడాదికి మీ స్థానంలో ఉంటే నేను మూడే పెట్టుకుంటాను. ఒకటి, ఈఆర్‌సీ విచారణలో సీజన్ మిల్లులు, చిన్న షాపుల ఫిక్స్‌డ్ చార్జీల మీద లెక్కలతో అభ్యంతరం. బిల్లుల సేకరణ ఇప్పుడే మొదలుపెడితే నవంబర్‌కు పట్టిక సిద్ధమవుతుంది. రెండు, మెయిన్ రోడ్డులో అద్దె దుకాణదారుల సర్వేకు, ప్రత్యామ్నాయ షాపులకు కౌన్సిల్ తీర్మానం. మూడు, టౌన్ వెండింగ్ కమిటీలో సంఘం ప్రతినిధి, బండ్లవాళ్లతో రాతపూర్వక ఒప్పందం. ఈ మూడూ మీ జిల్లా, రాష్ట్ర పరిధి దాటవు. మూడింటికీ తేదీ ఉంది, మూడింటిలోనూ ముందు లాభపడేది మీ చిన్న సభ్యుడు. మిగతా 24ను పారేయకండి, ఏ తలుపు ఏ నెల అని రాసి ఫైలులో పెట్టండి. సర్వసభ్య సమావేశంలో ఈ ఎంపిక ఎందుకు చేశారో వివరంగా చెప్పండి. లేకపోతే ప్రతి వీధివాళ్లూ 'మాది ఎందుకు లేదు' అని అడుగుతారు, ఆ టెన్షన్‌లో మళ్లీ 27 దగ్గరికే వస్తారు.

మీ పట్టణంలో వెండింగ్ కమిటీ ఏర్పడిందా, మెయిన్ రోడ్డు స్థలం ఏ పద్ధతిలో తీసుకుంటున్నారు, మీ ఆటోనగర్‌కు ఐలా ఉందా అన్న మూడు సంగతులు కనుక్కుని చెప్పండి. వాటిని బట్టి మొదటి అర్జీ ఎవరి పేరు మీద, ఎలా రాయాలో నమూనా రాసి ఇస్తాను.